యానాం కార్డులు

పాత యానాం బొమ్మలున్న పోస్టుకార్డులు పోగుచేయడం నాకో పిచ్చి. ఇప్పటికి 11 దొరికాయి. చర్చి, గౌతమి ఒడ్డు, ఫ్రెంచివాళ్ళ మేడలు. "చిత్తుకాగితాలకి ఇంత డబ్బా?" అంటారు మావారు. అననీండి.

అమ్మమ్మ పెళ్ళి యానాంలోనే, 9వ ఏట. 1930లో శారదా చట్టం అమల్లోకొచ్చాక 14 నిండని ఆడపిల్లకి పెళ్ళి చేయకూడదు. కానీ యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఆ చట్టం చెల్లదు. అందుకని మనవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళి అక్కడ మూడుముళ్ళు వేయించుకొచ్చేవారు. కళ్యాణపురం అని ముద్దుపేరు కూడానూ!

అమ్మమ్మ ఉన్నప్పుడు కార్డులన్నీ ముందు పరిచాను. చర్చి వైపు చూడనేలేదు. నది కార్డు తీసుకుని, "నిద్రపోతుంటే ఎత్తుకుని పడవ దింపారే" అంది.

"మరి తాతయ్యని చూశావా?"

"ఆకలేసింది," అంది. కాసేపాగి, "మీసాల వెంకన్న గుడిది లేదుటే?" అనడిగింది.

అది ఇంకా దొరకలేదు. మీలో ఎవరింట్లోనైనా ఉంటే చెప్పరూ?