సముద్రం కనిపించే గుట్ట

సూరత్‌లోని ఉన్‌లో ఏ మేడ ఎక్కి చూసినా నేల చదునే. ఉధనా, భేస్తాన్, సచిన్ దాకా కంటికి ఎత్తుగా ఆనేవి పొగగొట్టాలు, వంతెనలు, కొత్త అపార్టుమెంట్లు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మన కుటుంబాల పెద్దలకు ఈ చదును ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. వేములవాడ పోతే నాంపల్లి గుట్ట, జగిత్యాల తొవ్వలో కొండగట్టు. గుట్ట లేని ఊరు మన జ్ఞాపకంలో లేదు. లేనిదల్లా సముద్రం. దాన్ని సూరత్ వచ్చాకే, డుమస్ నల్ల ఇసుకలో నిలబడి, మొదటిసారి చూశాం.

అయితే డుమస్‌లో నిలబడ్డ మనిషికి కనిపించే సముద్రం చాలా కొంచెం. భూమి గుండ్రం కనుక నాలుగున్నర కిలోమీటర్ల దగ్గరే నీరు, ఆకాశం కలిసిపోతాయి. ఎత్తు పెరిగినకొద్దీ ఆ గీత వెనక్కి జరుగుతుంది. 750 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే దాదాపు 98 కిలోమీటర్ల దూరం పోతుంది. అంత ఎత్తున్న చోటు మనకు ఒక్క పూట ప్రయాణంలోనే ఉంది. వల్సాడ్ జిల్లా ధరంపూర్ దాటాక, సహ్యాద్రి కొసన, టేకు అడవుల మీద లేచిన విల్సన్ హిల్స్. 1923 నుంచి 1928 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న సర్ లెస్లీ విల్సన్ పేరును ధరంపూర్ రాజు విజయ్‌దేవ్‌జీ ఈ కొండలకు పెట్టారు. తీరం ఇక్కడికి నలభై కిలోమీటర్ల పైచిలుకే. సముద్రం కనిపించకుండా అడ్డుపడేది దూరం కాదు, గాలిలోని మసక.

అందుకే విల్సన్ హిల్స్ నడిచి ఎక్కడానికి రోజు ఎంచుకోవడమే అన్నిటికన్నా పెద్ద పని. వానాకాలంలో వెళ్లకూడదు. కప్రాడా, ధరంపూర్ తాలూకాలు గుజరాత్‌లోకెల్లా ఎక్కువ వాన పడే చోట్లు. మబ్బు గుట్ట మీదే కూర్చుంటుంది, వాగులు దారికి అడ్డం పారుతాయి. ఎండాకాలం ముదిరితే టేకు ఆకంతా రాలి నీడ దొరకదు. చలి ముదిరితే పొగమంచు పరుచుకుంటుంది. వానలు గాలిని కడిగి వెళ్లిపోయిన తరువాతి వారాలే మంచివి. దీపావళికి సాంచాలు ఆగేది కూడా సుమారుగా అప్పుడే. ఊరికి పోయేవాళ్లు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోతారు. టికెట్ దొరకనివాళ్లు, ఖర్చుకు జంకి ఆగిపోయినవాళ్లు, ఆ నాలుగు రోజులూ గదుల్లో పడి నిద్రపోతారు. నా మనసంతా వాళ్ల మీదే, వాళ్లను ఈ గుట్ట ఎక్కించాలని.

ఒకరోజు ఈ మాట ఎత్తితే మా వాడలో ఒక పెద్దాయన అడిగాడు: “ఆ గుట్ట మీద ఏ దేవుడున్నడు బిడ్డా?” న్యాయమైన ప్రశ్నే. మనం గుట్ట ఎక్కేది మొక్కు చెల్లించడానికే కదా. విల్సన్ హిల్స్ మీద ఉన్నది ఒక పాలరాతి ఛత్రి మాత్రమే. దేవుడు కావాలంటే ముందు పార్నేరా ఎక్కుదాం అన్నాను. అతుల్ దగ్గర, పార్ నది పక్కన, నూటయాభై మీటర్ల గుట్ట. మెట్లున్నాయి. 1676లో శివాజీ సేనలు పట్టుకున్న కోట, లోపల అమ్మవార్ల గుళ్లు, చాంద్ పీర్ దర్గా. పెద్ద నడకకు ముందు కాళ్లను పరీక్షించుకోవడానికి దానికి మించిన చోటు దగ్గర్లో లేదు. పార్నేరా ఎక్కి దిగిన మర్నాడు తొడలు పట్టేస్తే, విల్సన్‌కు ఇంకా సమయం ఉందని అర్థం.

పన్నెండు గంటల పాళీ నిలబడే కాళ్లు గట్టివే. కానీ చదును గచ్చు మీద గట్టివి. ఎక్కడంలో ఆయాసమే వస్తుంది. దిగడంలో ఒంటి బరువునంతా తొడ కండరాలు పట్టి ఆపాలి, మోకాళ్లు దెబ్బతినేది అప్పుడే. ఒక నెల ముందు నుంచి రోజూ నాలుగంతస్తుల మెట్లు ఎక్కి, తొందరపడకుండా దిగితే చాలు.

ఇక గంటల లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి ఆరువందల మీటర్ల ఎక్కుడుకు మరో గంట. కింది ఊరిలో బండి దిగి పది కిలోమీటర్ల ఘాట్ దారి, అయిదువందల మీటర్ల ఎక్కుడు పెట్టుకున్నామనుకోండి. ఆయన లెక్కన మూడు గంటల లోపే. అది అలవాటున్నవాళ్ల లెక్క, అందులో ఆగి కూర్చోవడం లేదు. మనకు నాలుగున్నర వేసుకోవాలి. పొద్దున ఏడున్నరకు మొదలుపెడితే పన్నెండుకు పైన. పొద్దు నెత్తి దాటకముందే చేరడంలో ఇంకో లాభం ఉంది: తరువాత పడమట ఎదురెండ పడి సముద్రం కళ్లకు గుచ్చుకుంటుంది. ఎవరు ఎక్కడ ఉన్నా ఒంటిగంటన్నరకు వెనక్కి తిరగాలి. శిఖరం ఇంకా ఫర్లాంగు దూరమున్నా సరే. నవంబరులో ఆరుకే పొద్దు గుంకుతుంది, లోయల్లో అంతకన్నా ముందే చీకటి పడుతుంది. ఈ ఒక్క నియమం ముందుగా అందరూ ఒప్పుకోకపోతే ఆ గుంపుతో నేను బయలుదేరను.

ఏడున్నరకు అక్కడ ఉండాలంటే ఉన్‌లో నాలుగింటికే బండి కదలాలి. పదిమంది కలిస్తే ఒక తూఫాన్ బండి మాట్లాడుకోవచ్చు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పులిహోర, సకినాలు, ఉప్పు వేసిన మజ్జిగ. నిండు చేతుల చొక్కా, పాదం కప్పే బూట్లు. ఈ అడవుల్లో చిన్నపింజర తిరుగుతుంది, ఎండుటాకుల్లో చెయ్యి పెట్టకూడదు. కాటు పడితే కట్లు బిగించకుండా, మనిషిని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. రోడ్డు వదిలి అడవి బాట పట్టాలనుకుంటే ముందు అటవీశాఖ వాళ్లను అడగాలి, వార్లీ, కుక్నా ఆదివాసీ పల్లెల్లో తెలిసిన మనిషిని తోడు తీసుకుని ఆయన రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి. ప్లాస్టిక్ ఒక్కటీ అక్కడ వదలకూడదు.

పైన చలి మన ఊరికన్నా అయిదు డిగ్రీలు ఎక్కువ. చెమట ఆరకముందే ఒక దుప్పటి కప్పుకోవాలి, తరువాత పడమటికి తిరిగి కూర్చోవాలి. టేకు కొనల కింద పొలాలు, వాటవతల చెరకు తోటలు, వాటికీ అవతల సన్నటి తెల్లటి గీత. రోజు కుదిరితే అదే సముద్రం. కుదరకపోయినా గుట్ట, అడవి, సాంచాల మోత లేని ఒక పగలు మనవే.

సూరత్ నగరపాలిక తెలుగు బడుల్లో చదివే పిల్లలకు గుట్ట అంటే సెలవుల్లో పోయే ఊరి సంగతి. ఈ దీపావళికి ఊరికి పోని ఇళ్లు ఎవరివో మీ వాడలో కనుక్కోండి. పెద్దవాళ్లతో దసరా లోపే పార్నేరా ఎక్కించండి. విల్సన్ హిల్స్‌కు పిల్లల్ని తప్పకుండా వెంటబెట్టుకు రండి.