పాత ఆటలు, కొత్త పెట్టెలు

వీడియో ఆటల వంటి అల్ప విషయానికి కళాశాల వార్షిక సంచికలో చోటెందుకని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తెలుగు పాఠం చెప్పేవారు ఛందస్సును గురించో, ప్రబంధాలను గురించో వ్రాయడం వాడుక. కాని ఒక పాత వస్తువును కొత్త కాలానికి అందించేటప్పుడు ఏమి నిలుస్తుంది, ఏమి జారిపోతుంది అనే ప్రశ్న ప్రబంధానికీ ఉంది, ఆటకూ ఉంది. పైగా మా తరం వారికి యంత్రంతో తొలి పరిచయం కలిగించినది ఈ ఆటలే. కావున ఈ విషయంలో మా అభిప్రాయాలను విద్యార్థుల ముందూ, కళాశాల కమిటీ పెద్దల ముందూ ఉంచడానికి సాహసిస్తున్నాము.

ముందుగా ఒక మాటను వివరించాలి. ఒక యంత్రం కోసం తయారైన ఆటను మరొక యంత్రానికి తగినట్లు తిరిగి అమర్చడాన్ని పోర్టు అంటారు. ఇది నకలు వ్రాయడం వంటిది కాదు, అనువాదం వంటిది. మూలంలోని మాటలన్నీ దిగినా ప్రాణం దిగకపోవచ్చు. మాటలు కొన్ని పోయినా ప్రాణం దిగవచ్చు.

1978లో జపాను దేశపు టైటో సంస్థ వెలువరించిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటను ఉదాహరణగా తీసుకొందాము. దాని రూపకర్త తొమొహిరొ నిషికాదొ. తెరపై వరుసలుగా దిగే శత్రువులను కాల్చుతూ పోగా, మిగిలినవారి వేగం అంతకంతకు పెరుగుతుంది. నిజానికి ఇది మొదట ఆలోచించి పెట్టినది కాదు. అన్ని బొమ్మలను గీయలేక ఆ యంత్రం నెమ్మదిగా నడిచేది. బొమ్మలు తగ్గేకొద్దీ భారం తగ్గి వేగం హెచ్చేది. అది ఆటకు ఉత్కంఠను తెచ్చిపెట్టిందని గుర్తించి నిషికాదొ దానిని అలాగే ఉంచాడు. నేటి యంత్రానికి ఆ భారం లెక్కలోనిది కాదు. కనుక నేడు ఆ ఆటను పోర్టు చేసేవాడు పాత యంత్రపు బలహీనతను కూడా బుద్ధిపూర్వకంగా అమర్చవలసి ఉంటుంది. బలహీనతే శిల్పమైన చోట, దానిని సరిదిద్దడం చెడగొట్టడమే అవుతుంది.

చెడ్డ పోర్టుకు పేరు మోసిన నిదర్శనం పాక్‌మాన్. తొరు ఇవాతాని రూపకల్పనలో నామ్కో సంస్థ 1980లో దానిని విడుదల చేసింది. 1982లో అటారీ 2600 అనే ఇంటి యంత్రానికి దానిని మార్చారు. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఆటను ఇమిడ్చిన కార్ట్రిడ్జి 4 కిలోబైట్లది. నాలుగు భూతాలూ ఒక్కసారిగా నిలకడగా కనబడక మిణుకుమిణుకుమన్నాయి. లక్షల కొలది అమ్ముడైనా కొన్నవారికి నిరాశే మిగిలింది. యంత్రం దుర్బలమైతే ఎవరేమి చేయగలరని అనబోతే, కొద్ది కాలానికే అదే యంత్రంపై 8 కిలోబైట్ల కార్ట్రిడ్జితో వచ్చిన మిస్ పాక్‌మాన్ ఎంతో మెరుగుగా ఉన్నది. కనుక లోపమంతా యంత్రానిదే కాదు. తగినంత చోటూ, శ్రద్ధా కేటాయించకపోవడం కూడ లోపమే.

దీనికి ఎదురు నిదర్శనం మన విద్యార్థుల అన్నలకు బాగా తెలిసిన కాంట్రా. 1987లో నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెగా కోనామీ సంస్థ దానిని తెచ్చింది. దాని తెర నిలువు తెర. 1988లో నింటెండో ఇంటి యంత్రానికి తెచ్చినప్పుడు బొమ్మల సొగసు తగ్గింది, తెర అడ్డమైంది. అయినా ఆ రూపకర్తలు మూలాన్ని ముక్కకు ముక్కగా దింపక, ఉన్న వనరులకు తగినట్లు ఆటను తిరిగి అల్లారు. నేడు లోకం గుర్తుంచుకొన్నది ఆ రెండవ రూపాన్నే. మంచి అనువాదం మూలాన్ని మించవచ్చుననడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావాలి? అదే ఆట 1990లో ఐరోపాకు పోయినప్పుడు అందులోని మనుషులను తీసివేసి మరమనుషులను పెట్టి, ప్రోబోటెక్టర్ అని పేరు మార్చారు. ఒకే గ్రంథానికి పాఠభేదాలు ఏర్పడినట్లు ఆటలకు కూడ పాఠభేదాలు ఏర్పడతాయి.

మన ప్రాంతంలో మేమెరిగిన పాఠం మాత్రం వేరు. మా బాల్యంలో అసలైన నింటెండో యంత్రాన్ని మా ఊరి దుకాణాలలో చూచినది లేదు. దానిని పోలిన నకలు యంత్రాలే వచ్చేవి. వాటిలో పెట్టే పసుపుపచ్చ కార్ట్రిడ్జిపై తొంభైతొమ్మిది లక్షల పైచిలుకు ఆటలున్నట్లు అంకెలు ముద్రించి ఉండేవి. పెట్టి చూస్తే పట్టుమని పదో ఇరవయ్యో ఆటలు. మిగిలినవన్నీ అవే ఆటలు, మొదలయ్యే ఘట్టం మాత్రమే వేరు. పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీ రూపాయలు దుకాణంలో గంటల లెక్కన ఖర్చయ్యేవి. మా పెదనాన్నగారి పెద్దబ్బాయి, మేము భాయిజాన్ అని పిలిచేవారు, గల్ఫుకు వెళ్ళేముందు అటువంటి యంత్రాన్ని కొని ఇంట్లో పిల్లలందరికీ ఉమ్మడిగా ఇచ్చిపోయారు. హక్కుదారులకు ఒక్క పైస ముట్టని నకళ్ళ మూలంగానే ఒక తరమంతా ఆ కళను ఎరిగింది. దీనిని సమర్థించడానికి చెప్పడం లేదు. కాని వస్తువు న్యాయమైన దారిలో అందనప్పుడు జనం ఏ దారిని పోతారో తెలిసికొనడానికి ఇది పాఠం.

ఇక పునర్విడుదలల మాట. బాల్యంలో ఆడినవారు నేడు సంపాదనాపరులయ్యారని వ్యాపార సంస్థలు గ్రహించాయి. 2016లో నింటెండో తన పాత యంత్రాన్ని అరచేతిలో పట్టేటంత చిన్నదిగా చేసి, 30 ఆటలు నింపి అమ్మింది. ఆ తరువాత అటువంటివి పలు సంస్థల నుండి వచ్చాయి. భాయిజాన్ సెలవుపై వచ్చినప్పుడు ఒక చిన్న యంత్రాన్ని తెచ్చారు. పెద్ద పలక టీవీకి తగిలించి ఆడగా, మీట నొక్కిన క్షణానికీ, బొమ్మ ఎగిరిన క్షణానికీ మధ్య ఏదో చిన్న ఎడం తోచింది. పాత గాజు గొట్టపు టీవీలో ఆ ఎడం ఉండేది కాదు. బొమ్మను సవరించి చూపడానికి కొత్త టీవీ కొంత కాలం తీసుకొంటుంది. అది కన్నుమూసి తెరిచేపాటి కాలమైనా వేలికి తెలుస్తుంది. తుపాకితో బాతులను కాల్చే డక్ హంట్ ఆట సంగతి మరీ విచిత్రం. ఆ తుపాకి పాత టీవీ తెరపై వెలుగు గీతలు గీసే తీరును ఆధారం చేసికొని పనిచేస్తుంది. కొత్త పలక టీవీలపై ఆ తుపాకి అసలు పనిచేయదు. అంటే ఆట కార్ట్రిడ్జిలో మాత్రమే లేదు; టీవీలో కూడ సగముంది.

పునర్విడుదలలో అలసత్వానికి 2018లో సోనీ సంస్థ తెచ్చిన ప్లేస్టేషన్ క్లాసిక్ నిదర్శనం. అందులోని 20 ఆటలలో 9 ఆటలకు ఐరోపా ప్రతులను వాడారు. ఐరోపా టీవీలు సెకనుకు 50 సార్లు బొమ్మను మార్చేవి. అమెరికా, జపాను టీవీలు 60 సార్లు మార్చేవి. కనుక ఐరోపా ప్రతులు పలుమార్లు ఆరవ వంతు మందంగా నడిచేవి. మేలైన ప్రతి చేతిలో ఉండగా మందమైన దానిని తెచ్చి కూర్చారు. ఇది గ్రంథ పరిష్కర్త తప్పుల ప్రతిని ఎన్నుకొని అచ్చు వేయించడం వంటిది. వేమన పద్యాల కోసం బ్రౌనుదొర ఎన్నో ప్రతులను సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, 1829లో తొలి కూర్పును వెలువరించాడు. ఆ శ్రద్ధలో నాలుగవ వంతు చాలును.

అటువంటి శ్రద్ధ ఎక్కడా లేదని కాదు. 2022లో అటారీ సంస్థ 50 ఏళ్ళ సందర్భంగా వచ్చిన సంపుటమూ, 2023లో వచ్చిన ది మేకింగ్ ఆఫ్ కరాటెకా అనేదీ ఆటలతో పాటు నాటి చిత్తు పటాలను, ఉత్తరాలను, రూపకర్తల మాటలను కాలక్రమంలో కూర్చి ఇచ్చాయి. పీఠికతో, వ్యాఖ్యానంతో వెలువడిన కావ్యం వంటివి అవి. పునర్విడుదల అంటే ఇలా ఉండాలని మా అభిప్రాయం.

మన ఉర్దూ విభాగం మిత్రులకు ఈ బాధ మాకన్న బాగా తెలుసు. కాతిబు చేతివ్రాతతో రాతి అచ్చున వెలువడిన పుస్తకానికీ, కంప్యూటరు అక్షరాల పుస్తకానికీ భేదముంది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖును రూపొందించినప్పుడు వేల కొలది అక్షర సముదాయాలను చేతితో వ్రాసి యంత్రానికి అందించాడు. యంత్రానికి లొంగేటట్లు లిపిని మార్చక, లిపికి లొంగేటట్లు యంత్రాన్ని మలిచాడు. మేము మంచి పోర్టు అన్నది దీనినే.

ఇప్పుడు సేకరణను గురించి. సేకర్తలు రెండు విధాల వారు. ఆడడానికి దాచేవారు కొందరు. అమ్మడానికి దాచేవారు కొందరు. 2021 జూలైలో అమెరికాలో సూపర్ మారియో 64 ఆట పెట్టె ఒకటి, సీలు విప్పనిది, వేలంలో 15,60,000 డాలర్లకు పోయింది. లక్షలాదిగా అచ్చయిన ఆట అది. అరుదైనది ఆట కాదు, విప్పని సీలు. చదవని పుస్తకానికే విలువ హెచ్చుతుందంటే చదువుకొన్నవారు ఏమనాలి? ఇందుకు భిన్నంగా, 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పాతిపెట్టిన ఈ.టీ. కార్ట్రిడ్జిలను 2014లో త్రవ్వి తీశారు. వాటిలో ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియం చేరింది. ఒకనాటి చెత్త మరొకనాటి చరిత్ర కాగలదు.

ఆటలను దాచేవారికి రెండు మాటలు. కార్ట్రిడ్జిని నోటితో ఊదడం మనందరి అలవాటు. దానివల్ల మేలు లేదు. నోటి తేమకు రాగి పళ్ళు త్రుప్పు పడతాయి. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి తుడవాలి. ఆటను మధ్యలో భద్రపరిచే కొన్ని కార్ట్రిడ్జిలలో గుండీ బ్యాటరీ ఉంటుంది. అది ఏళ్ళు గడిచాక చచ్చిపోతుంది. దానితో దాచుకొన్న ఆట కూడా పోతుంది. దాచిపెట్టినంత మాత్రాన ఏదీ దక్కదు, కనిపెట్టి చూడాలి.

వ్యక్తులు దాచినది ఎంతో కొంత నిలుస్తున్నది. సంస్థలు దాచినదే నిలవడం లేదు. 2012లో సైలెంట్ హిల్ ఆటలను కొత్త యంత్రాలకు మార్చబోతే, తుది మూల ప్రోగ్రాము కోనామీ వద్దనే లేకపోయింది. అసంపూర్ణ ప్రతితో పనిచేయవలసి వచ్చి ఆట దెబ్బతిన్నది. అదే సంవత్సరం, 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా మూల ప్రోగ్రాము దాని రూపకర్త జోర్డాన్ మెక్నర్ తండ్రిగారి ఇంటి అల్మారాలోని పెట్టెలో దొరికింది. పెద్ద సంస్థ పోగొట్టుకొన్నది. ఒక తండ్రి అల్మారా కాపాడింది.

2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించిన పరిశీలన ప్రకారం, 2010కి ముందు ఆ దేశంలో వెలువడిన ఆటలలో 87 శాతం నేడు అంగడిలో కొనడానికి దొరకవు. అదే సంవత్సరం మార్చి 27న నింటెండో తన రెండు పాత యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలలో అమ్మకాలను ఆపివేసింది. అక్కడ మాత్రమే దొరికే ఆటలు ఆ రోజుతో అంగడి నుండి మాయమయ్యాయి. అంతకుముందు 2020 సెప్టెంబరులో మూడు మారియో ఆటల సంపుటాన్ని తెచ్చి, 2021 మార్చి 31తో అమ్మకం నిలిపివేస్తామని ముందే ప్రకటించి, అలాగే చేసింది. కరువు లేని చోట కరువును సృష్టించడం వర్తకమే కావచ్చు. కాని సంస్కృతి కాదు. అచ్చులో లేని ఆటలను గ్రంథాలయాలు దూరాన ఉన్న పరిశోధకులకు చూపడానికి అనుమతించాలన్న విన్నపాన్ని కూడ 2024 అక్టోబరులో అమెరికా కాపీరైటు కార్యాలయం త్రోసిపుచ్చింది.

హక్కుదారుని హక్కును మేము కాదనము. శ్రమించినవాని కూలిని ఎగవేయడం ఏ మతంలోనూ ధర్మం కాదు. కాని తాను అమ్మడు, ఇతరులను దాచనీయడు అనే స్థితి ఎంతవరకు న్యాయం? మన పెద్దలు వక్ఫు అనే ఏర్పాటు చేశారు. ఆస్తిని అమ్మరాదు, పంచుకొనరాదు. దాని ఫలం మాత్రం జనానికి చెందాలి. అంగడిలో దశాబ్దాల పాటు దొరకని ఆటను గ్రంథాలయాలకు అటువంటి అమానతుగా అప్పగించే చట్టం రావాలని మా కోరిక. మన దేశపు 1957 కాపీరైటు చట్టమే, ప్రోగ్రామును న్యాయంగా పొందినవాడు నష్టభయం నుండి రక్షణకై ప్రతిని చేసికొనవచ్చునంటున్నది. ఆ దారిని మరికొంత వెడల్పు చేస్తే చాలును.

ఇందులో మన కళాశాలకు పనేమిటని అనుకొనవద్దు. కంప్యూటరు విభాగపు విద్యార్థులు రేపు ప్రోగ్రాములు వ్రాయబోయేవారే. వ్రాసినదానిని రెండు మూడు చోట్ల భద్రపరచండి. ఎలా నడుస్తుందో నాలుగు మాటలు దానితోబాటు వ్రాసి ఉంచండి. కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పాత కంప్యూటర్లను, ఫ్లాపీలను, గొట్టపు మానిటర్లను తూకానికి అమ్మే వేళ, ఒక్కొక్క రకానికి నడుస్తున్నది ఒక్కటి చొప్పున గ్రంథాలయంలో ఉంచండి. ఒక అల్మారా చాలును. మెక్నర్ తండ్రిగారి ఇంట్లో ఉన్నదీ అంతే.