తోలు మేజోళ్ల పాఠం

ముప్ఫై సంవత్సరాలుగా మేము బోధిస్తున్న పాఠాలలో ఒకటి వచ్చినప్పుడల్లా మా గొంతు కొంచెం తగ్గేది. శుభ్రతను గురించిన అధ్యాయంలోని 'మసహ్ అలల్ ఖుఫ్ఫైన్' అది. వుజూలో కాళ్లు కడగడానికి బదులు, తొడుక్కొన్న తోలు మేజోళ్ల మీద తడిచేతితో తుడవటానికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు. నియమాలన్నీ మాకు కంఠస్థమే. పూర్తి శుద్ధిలో ఉండి తొడిగి ఉండాలి, చీలమండలు కప్పాలి, స్థానికునికి ఒక పగలు ఒక రాత్రి గడువు, ప్రయాణికునికి మూడు పగళ్లు మూడు రాత్రులు. తుడవవలసినది పైభాగమే, అరికాలు కాదు. కాని మేము ఉండేది రాజుపాలెంలో. వేసవి వచ్చిందంటే రెంటచింతల ఎండలు పత్రికలకెక్కే పల్నాడు ఇది. ఇక్కడ ఖుఫ్ఫైన్ తొడిగినవారిని మేము చూడలేదు, మేమూ తొడగలేదు. నల్లబల్ల మీద బొమ్మ గీసి ముందుకు సాగిపోయేవారము.

చాలా ఏళ్ల క్రితం ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "హజ్రత్, ఇవి మన ఊళ్లో ఎవరు తొడుక్కుంటారు? మీరెప్పుడైనా తొడిగారా?" తరగతి అంతా నవ్వింది. నవ్వు మమ్మల్ని గురించే అనుకొన్నాము. వాణ్ణి బయట ఎండలో నిలబెట్టి, పాఠం ముగిసేదాకా లోపలికి పిలవలేదు. ఆ తరువాతి సెలవులకు పిడుగురాళ్లలోని ఇంటికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. తండ్రి సున్నపు బట్టీలో కూలి. పేదరికం వల్ల మానేశాడని అందరూ అన్నారు. మేమూ అలాగే చెప్పుకొన్నాము, అలా చెప్పుకోవటం సుఖంగా ఉండేది గనుక.

మొన్న ఫిబ్రవరిలో మా పెద్దబ్బాయి పట్టుబట్టి మమ్మల్ని కాశ్మీరుకు పంపించాడు. విహారయాత్రకు ఇంత ఖర్చా అని మేము వెనుకాడాము. భూమిలో సంచరించి చూడమన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లో ఎన్నిసార్లు వచ్చిందో మాకు తెలియనిది కాదు, అయినా వెనుకాడాము. మా శ్రీమతి మాత్రం ఒక్క మాట అన్నది: "పెళ్లయి వచ్చిన రోజున పిడుగురాళ్ల దగ్గర సున్నపు కుప్పలు చూసి మంచుకొండలు ఇలాగే ఉంటాయా అని మిమ్మల్ని అడిగాను. మీకు తెలియదన్నారు. ఇప్పుడైనా చూసి చెప్పండి." ఆ తరువాత వాదించలేదు.

శ్రీనగర్‌లో చలి కాలానికి పేర్లున్నాయి. డిసెంబరు 21 నుండి 40 రోజులు 'ఛిల్లై కలాన్', అతి తీవ్రమైనది. ఆ పైన 20 రోజులు 'ఛిల్లై ఖుర్ద్', 10 రోజులు 'ఛిల్లై బచ్చే'. మేము దిగినది నడిమి భాగంలో. జనం నిలువెత్తు ఫెరన్లలో, లోపల నిప్పుల కాంగ్డీ పట్టుకొని తిరుగుతున్నారు. నాగార్జునసాగర్ చూసి పెరిగిన మాకు నీరు ఎంత విశాలమైనా వింత కాదు. డల్ సరస్సులో మాకు వింతగా తోచినది నీటి మీద బ్రతుకు: పడవ ఇళ్లు, తేలే మడుల మీద కూరగాయలు, తెల్లవారకముందే పడవల మీద సాగే కూరల సంత. మా శ్రీమతి షికారాలో కూర్చొని బేరం చేసి నూల్‌కోలు కొన్నది. వండుకొనే వీలు లేదని గుర్తు చేస్తే, "బేరం కోసం కొన్నాను" అన్నది. మొగల్ తోటలు శీతకాలంలో పూలు లేక బోసిగా ఉన్నాయి, త్వరగా వచ్చేశాము. సరస్సు ఒడ్డున తెల్లని పాలరాతి హజ్రత్‌బల్ దగ్గర మాత్రం చాలాసేపు నిలిచాము. 1963 డిసెంబరులో అక్కడి పవిత్ర కేశం కనిపించకుండా పోయి, జనవరిలో దొరికేదాకా ఆ గడ్డ కడుపులో కలవరం ఎలాంటిదో మా తండ్రిగారు చెప్పగా విన్నాము.

నౌహట్టాలోని జామియా మసీదు సుల్తాన్ సికందర్ కాలంలో 1394లో మొదలై 1402లో పూర్తయినది. 378 దేవదారు స్తంభాలు, అడవి లోపల నమాజు చేస్తున్నట్లుంటుంది. కాశ్మీరు మసీదులలో రాతి నేల క్రింద కట్టెలు మండించి వేడిచేసే హమామ్‌లు ఉంటాయట. తొందరలో మేము ఆ సంగతి అడగక ప్రాంగణంలోని కొళాయి దగ్గరే కూర్చొన్నాము. పాదాల మీద నీళ్లు పడగానే అవి మావి కావేమో అనిపించింది. ప్రక్కన ఒక వృద్ధుడు చేతులు, ముఖం కడిగి, తల తుడిచి, మూడు వేళ్లు విడదీసి కాలివేళ్ల నుండి పిక్క వైపు నల్లని తోలు మీద ఒక్క గీత గీసి లేచి వెళ్లిపోయాడు. పాఠం అంతా అంతే. ముప్ఫై సంవత్సరాలు మేము ఒక పూట చెప్పేది ఆయన ఒక శ్వాసలో చేసేశాడు. నమాజు అయ్యాక మసీదు ప్రక్క అంగడిలో ఒక జత కొన్నాము. బూట్లలా మందంగా ఉంటాయనుకొన్నాము. చేతి తొడుగులంత మెత్తగా ఉన్నాయి.

గుల్మర్గ్ శ్రీనగర్‌కు దాదాపు 50 కిలోమీటర్లు. క్రింద టంగ్‌మర్గ్‌లో కార్ల చక్రాలకు గొలుసులు కట్టారు, మాకు పొడవు బూట్లు, కోట్లు అద్దెకిచ్చారు. 1927లోనే బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ స్కీ క్లబ్ పెట్టారట. నేడు దేశం నలుమూలల నుండి యువకులు కాళ్లకు పలకలు కట్టుకొని ఆ వాలు మీద పక్షుల్లా జారుతున్నారు. మమ్మల్ని ఒక చెక్క స్లెడ్జి మీద కూర్చోబెట్టి లాగినతనికి మా వయసే ఉంటుంది. సిగ్గుపడి దిగిపోబోయాము. "దిగితే నా కూలి పోతుంది మౌలానా సాహెబ్" అన్నాడు. కూలి చేతిలో పెట్టి మరీ దిగాము. నాలుగడుగులు వేశామో లేదో గడ్డంతో సహా మంచులో పడ్డాము. పెళ్లయిన తరువాత మా శ్రీమతి అంతగా నవ్వటం మేము చూడలేదు. అతనే లేపి దులిపాడు. 2024 జనవరిలో ఇక్కడ మంచే పడక మైదానం ఎండుగడ్డితో నిలిచిందని, ఆ నెల పొయ్యి వెలిగించటానికి అప్పు చేశానని చెప్పాడు. మంచు కోసం నమాజు చేశారట. వర్షం కోసం పొలాల్లో చేతులెత్తిన పల్నాడువారము మేము, అతని మాట అర్థం కావటానికి వివరణ అక్కరలేకపోయింది.

గొండోలా రెండు అంచెలు. 1998లో కొంగ్‌దూరి దాకా, 2005లో పైనున్న అఫర్వత్ దాకా వేశారు. పై అంచె దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మా శ్రీమతికి అంత ఎత్తున ఊపిరి ఆడదేమోనని కొంగ్‌దూరిలోనే ఆగాము. అక్కడ జుహర్ వేళయింది. సీసాలోని నీళ్లు పోసుకొని, అద్దె బూట్లు విప్పి, ఖుఫ్ఫైన్ మీద మూడు వేళ్లు లాగాము. చేయి వణికింది. చలి వల్లనేనా అని ఇప్పటికీ నిర్ణయించలేము. ఖిబ్లా మా ఊళ్లో పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది, అక్కడ కొంచెం దక్షిణంగా ఉన్నది. మంచు మీద సజ్దా చేస్తే నుదురు గట్టిగా ఆనాలి, లోపలికి కుంగిపోకూడదన్న నియమం కూడా మేము చదివి దాటవేసినదే. కాలితో త్రొక్కి గట్టిపరచి చాప పరచుకొన్నాము.

నమాజు ఆరంభంలో పాపాలను నీటితో, మంచుతో, వడగండ్లతో కడగమని వేడుకొనే ఒక దుఆ ఉన్నది. మన తెలుగులో మంచు అంటే పుష్యమాసపు తెల్లవారుజామున మిరప చేల మీద కమ్ముకొనేదే. పిల్లలకు అదే తోస్తుంది. మాకూ అదే తోచేది, పొగలాంటిది దేన్ని కడుగుతుందిలే అనుకొనేవారము. ఆ రోజు చాప అంచు దాటి చేయి దానిలోకి వెళ్లింది. అరచేతిలో కొంత తీసుకొని చూస్తుంటే, ఎండలో నిలబెట్టిన ఆ పిల్లవాడు గుర్తుకొచ్చాడు. వాడు వేళాకోళం ఆడలేదు. తెలియక అడిగాడు. మాకూ తెలియదు.

తిరిగి వచ్చిన మూడవ రోజున కొండమోడు సెంటరుకు వెళ్లాము. వాడు అక్కడ ఆటో నడుపుతాడు. దారిలో కనిపిస్తే ఎప్పుడూ వాడే ముందు సలాము చెబుతాడు, మేము జవాబిచ్చి సాగిపోతాము. ఆ రోజు ఆగి, ఆటోలో కూర్చొని, "ఆనాడు నువ్వు అడిగినది న్యాయమైన ప్రశ్న. మేము తొడగలేదని చెప్పి ఉండవలసింది. మమ్మల్ని మన్నించు" అన్నాము. వాడు కంగారుపడి ఆటో దిగి నిలబడ్డాడు. "మీరు అట్లా అనకూడదు హజ్రత్" అన్నాడు. మరేమీ అనలేదు. మానేసినది అందువల్లనేనా అని అడగటానికి మాకు ధైర్యం చాలలేదు.

సంచిలోంచి ఖుఫ్ఫైన్ తీసి చేతికిచ్చాము. చేతులు ప్యాంటుకు తుడుచుకొని అందుకొన్నాడు. లోపల చేయి పెట్టి, కుట్లు తడిమి, పైభాగం మీద మూడు వేళ్లు మెల్లగా నడిపి చూశాడు.

"ప్రయాణికుడికి మూడు పగళ్లు, మూడు రాత్రులు గదా హజ్రత్?"

అవునన్నాము. ఇంతలో సత్తెనపల్లికి నలుగురు వచ్చి ఎక్కారు.