ఎంత తాగుతావని అడిగితే

డీఅడిక్షన్ వార్డులో నర్సు పని ఒక ప్రశ్నతో మొదలవుతుంది. "రోజుకు ఎంత తాగుతారు?" జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "క్వార్టర్, సిస్టర్. అది గూడ రోజూ కాదు." పక్కన నిలబడ్డ భార్య మొహం తిప్పుకుంటుంది. వెంట వచ్చింది తల్లి అయితే, "ఈ మధ్యనే మొదలువెట్టిండమ్మా, దోస్తుల వల్ల" అంటుంది. కేస్ షీటులో నేను క్వార్టర్ అనే రాస్తాను. తర్వాత ఇంటివాళ్లను వరండాలోకి పిలిచి అడిగి, వాళ్లు చెప్పిన లెక్క కూడా పక్కన రాసి డాక్టరుకు చూపిస్తాను.

ఆ లెక్క కోసం ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది. చెమటలు, వాంతులు, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి చెదురుతుంది. గోడ మీద చీమలు పాకుతున్నట్టు కనిపిస్తుంది, ఎవరో తరుముతున్నట్టు తోస్తుంది, సెలైన్ పీకేసి పరుగెత్తుతారు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. క్లోర్‌డయజెపాక్సైడ్, లోరజెపామ్ లాంటి మందులతో దీన్ని రాకుండా చూస్తాం. ఎంత డోసు ఇవ్వాలన్నది అతను ఎంత తాగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అన్నవాటి మీద ఆధారపడుతుంది. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ పడాలి. లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఫుల్ బాటిల్ తాగేవాడు క్వార్టర్ అని చెబితే ఆ సంగతి మూడో రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. మా వార్డులో అబద్ధం ప్రాణం మీదికి తెస్తుంది.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చేవాళ్లతో ఇంకో చిక్కు. "మందు ముట్టను సిస్టర్, ఉత్త కల్లే" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. కాని కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. తను దేనికి అలవాటు పడ్డాడో తాగేవాడికే తెలియదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అంతమంది రావడానికి కారణం అదే.

వారం పది రోజులకు ఒళ్లు సర్దుకుంటుంది. చేతులు నిలకడగా ఉంటాయి, అన్నం సయిస్తుంది, నిద్ర పడుతుంది. ఇంటివాళ్లు దేవుడికి మొక్కులు తీర్చడానికి సిద్ధమవుతారు. నా దిగులు అప్పుడే మొదలవుతుంది. ఒంట్లోంచి మందు దిగింది గాని అబద్ధం దిగలేదు. దానికి ఇంజెక్షన్ లేదు.

పైగా అది పేషెంటు ఒక్కడిదే కాదు. భార్య సూపర్‌వైజరుకు ఫోన్ చేసి ఆయనకు జ్వరమని చెబుతుంది. ఫీజు ఎందుకు కట్టలేదని టీచరు అడిగితే కూతురు ఏదో కథ అల్లుతుంది. పెళ్లయితే మారతాడన్న ఆశతో అన్నదమ్ములు ఆడపెళ్లివాళ్ల దగ్గర అసలు సంగతి దాస్తారు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పరువు నిలుపుకోవడానికి నానా తంటాలు పడుతున్నవాళ్లు. అయినా ఆ అబద్ధాలన్నీ కలిసి తాగేవాడికి నీడనిస్తాయి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కూరలో కలిపే మాత్ర. తాగేవాళ్లకు తెలియకుండానే తాగుడు మాన్పిస్తామనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. కొందరు డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి, పొడిచేసి, పప్పులో కలుపుతారు. అది 1948 నుంచి వైద్యంలో ఉన్న మంచి మందే. అయితే పేషెంటుకు అన్నీ వివరించి, ఒప్పించి, గుండె, లివర్ పరీక్షలు చేయించాక ఇవ్వాల్సినది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. అలా చావు తప్పించుకుని మా దగ్గరికి వచ్చిన ఒకతను భార్య వడ్డించిన అన్నం ముట్టడానికి జంకేవాడు. ఆమె గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఇంకేం జెయ్యమంటరు సిస్టర్?" అని ఏడ్చింది. శనివారం దాకా ఉండమన్నాను. శనివారం మా వార్డుకు ఇద్దరు మనుషులు వస్తారు.

ఒకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఇంకొకాయన ఆటో నడుపుతారు. ఇద్దరూ ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘంలో సభ్యులు. అందరూ దాన్ని ఏఏ అంటారు. పేరు బయటపెట్టకపోవడం అక్కడి నియమం, కాబట్టి నేనూ రాయను. కుర్చీ లాక్కుని కూర్చుని, తమ పేరు, తాము ఆల్కహాలిక్‌లమన్న మాట చెప్పి, సొంత కథ మొదలుపెడతారు. బోధలుండవు. ఆ శనివారం ఆటో ఆయన, కూతురి స్కూలు బ్యాగులో తను క్వార్టర్ సీసా దాచిన సంగతి, పిల్ల పుస్తకం కోసం చెయ్యి పెట్టి దాన్ని క్లాసులో బయటికి తీసిన సంగతి చెప్పారు. మూలమంచం మీది మనిషి, నాకు పొద్దున కూడా క్వార్టర్ అనే చెప్పినవాడు, "నేను బియ్యం డబ్బల దాస్తుంటి. రోజుకు రెండు హాఫ్‌లు" అన్నాడు. రోజూ అడిగినా నాకు రాని జవాబు అది. నేనెంత మెత్తగా అడిగినా యూనిఫాం వేసుకున్న నా ముందు అతను తప్పు చేసినవాడిగానే నిలబడతాడు. తనలాగే దాచినవాడి ముందు అతనికి ఆ బెరుకు లేదు.

ఈ సంఘం పుట్టిందే ఇలాంటి మాటతో. బిల్ విల్సన్ న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో పనిచేసిన మనిషి. 1935 మే నెలలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ ఊరికి వ్యాపారం పనిమీద వెళ్లాడు. పని చెడిపోయింది. మందు మాని అప్పటికి కొన్ని నెలలే. హోటల్లో ఒకవైపు బారు, ఇంకోవైపు ఫోను. తను తాగకుండా నిలవాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తట్టింది. ఊళ్లోని చర్చీలకు ఫోన్లు చేస్తూ పోతే చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. కాసేపే ఉంటానని వచ్చిన బాబ్ గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే సంఘం పుట్టినరోజుగా జరుపుకుంటారు. బిల్ ఆ ఫోన్ చేసింది తను బతకడానికి. వార్డుకొచ్చే మా ఇద్దరూ అదే అంటారు, "ఇక్కడికి రావడం మాకు మందు సిస్టర్" అని.

నర్సుగా నాకు ఆ చరిత్రలో ఎంతో ఆప్తురాలనిపించే మనిషి సిస్టర్ ఇగ్నేషియా. ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో అడ్మిషన్లు చూసే సన్యాసిని. తాగుబోతులకు ఆసుపత్రుల్లో పడక దొరకని కాలంలో, 1939లో, డాక్టర్ బాబ్‌తో కలిసి వాళ్లను చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇంటికి వెళ్లేవాళ్లకు చిన్న పతకం ఒకటి చేతిలో పెట్టి, మళ్లీ తాగాలనిపిస్తే ముందుగా వచ్చి దాన్ని తిరిగి ఇచ్చెయ్యమని చెప్పేవారట. మన దేశంలో ఏఏ 1957లో మొదలైంది. తాగుడు వల్ల భర్త టి.టి. రంగనాథన్‌ను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ఆయన పేరుతో చికిత్సా కేంద్రం పెట్టారు. తాగుడు జబ్బనీ, దానికి ఇంటిల్లిపాదికీ వైద్యం కావాలనీ దక్షిణాదిలో గట్టిగా చెప్పినవాళ్లలో ఆమె ముందుంటారు.

మన ఇళ్లలో తాగుడు మాన్పించడానికి వాడేది ఒట్టు. పిల్లల తల మీద చెయ్యి పెట్టిస్తారు, పుస్తెలు పట్టిస్తారు, గుళ్లో కర్పూరం ఆర్పిస్తారు. జన్మలో ముట్టనని చెప్పే ఆ క్షణంలో అతను అబద్ధమాడడం లేదు. కాని రెండు రోజులకు ఒళ్లు పీకుతుంది, ఒట్టు తప్పుతుంది. అప్పుడు బిడ్డకేమైనా అవుతుందేమోనన్న భయం, ఆ భయాన్ని మరవడానికి ఇంకో సీసా. ఏఏలో ఒట్టు వేయించుకోరు. ఈ రోజుకు తాగకుండా ఉండగలవా అంటారు. అది కూడా ఎక్కువనుకుంటే ఈ పూటకు.

"అయ్యప్ప మాలేస్తే నలభై ఒక్క రోజులు ముట్టను సిస్టర్, నాకు కంట్రోల్ ఉంది" అనేవాళ్లు మాకు కొత్త కాదు. ఆ మాటను నేను కొట్టిపారేయను. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పమంటాను. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పదిమందితో భజన, ఒకచోట భిక్ష, ఎవరెదురైనా స్వామీ అన్న పలకరింపు, ఏ సందేహం వచ్చినా గురుస్వామి. చెబుతుండగానే అతనికే అర్థమవుతుంది, తను ఒక్కడే మానలేదని. మాల తీశాక ఆ పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఏఏలో మీటింగు ఉంటుంది, గురుస్వామి లాంటి స్పాన్సర్ ఉంటాడు, మాల తీసే రోజు మాత్రం ఉండదు. నాకు తెలిసినంతలో ఏఏ దారిలోని పన్నెండు మెట్ల సంగతి మనవాళ్లకు ఇంతకన్నా తేలిగ్గా చెప్పే దారి లేదు.

ఆ పన్నెండింటిలో మనిషిని నిజంగా కదిలించేవి మధ్యలో ఉన్నాయి. నాలుగో మెట్టులో తన తప్పొప్పుల లెక్క తనే రాసుకోవాలి. అయిదో మెట్టులో దాన్ని ఇంకో మనిషి ముందు చెప్పాలి. ఎనిమిదిలో తను నష్టపెట్టినవాళ్ల జాబితా, తొమ్మిదిలో ఆ నష్టం పూడ్చడం, దానివల్ల ఎవరికీ కొత్త గాయం కాదనుకుంటేనే. మా వార్డు నుంచి వెళ్లి ఏడాదికి పైగా నిలబడిన ఒక ఎలక్ట్రీషియన్ జాబితాలో కిరాణా బాకీ ఉంది, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంది, చెల్లెలి గొలుసు ఉంది. గొలుసు తనే తీసి తాకట్టు పెట్టాడు. నింద ఆ ఇంట్లో పనిచేసే ఆమె మీద పడి ఆమె పని పోయింది. చెల్లెలికి చెప్పి, డబ్బు కట్టి ఊరుకుందామనుకున్నాడు. స్పాన్సర్ ఒప్పుకోలేదు. "ఆమెను దొంగ అన్నది ఎక్కడ? అక్కడే చెప్పు" అన్నారట. ఆమెను వెతికి పట్టుకుని, ఆమె ఒప్పుకున్నాక, అదే గల్లీలో నలుగురి ముందు గొలుసు తీసింది నేనని చెప్పాడు. ఆమె క్షమించలేదు. "ఇప్పుడొచ్చి చెప్తే నా ఇజ్జత్ వాపస్ వస్తదా?" అంది. ఆమె పోగొట్టుకున్న జీతం లెక్కగట్టి నెలనెలా ఇస్తున్నాడు. గల్లీలోంచి తిన్నగా మీటింగుకే వెళ్లానని నాకు చెప్పాడు.

మీటింగులో దేవుడి మాట వస్తుందని కొందరు వెనకాడతారు. మా ఊళ్లో గ్రూపులో నమాజు చేసేవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు, దేవుడు లేడనేవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. తనకంటే పెద్దదైన శక్తి ఏదో ఎవరికి వాళ్లే అనుకోవచ్చు. ఆ గదిలోని మనుషులే తన శక్తి అనుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక సేవ. కొత్తగా వచ్చినవాడికి కుర్చీలు వెయ్యడం, టీ గ్లాసులు కడగడం అప్పగిస్తారు. కొన్నాళ్లకు హాలు తాళంచెవి చేతికిస్తారు. ఇంట్లో పాలప్యాకెట్టు డబ్బులు కూడా ఎవరూ నమ్మి ఇవ్వని మనిషికి, సాయంత్రం ఆరింటికి తను వెళ్లి తలుపు తీయకపోతే ఇరవైమంది బయట నిలబడతారన్న సంగతి ఎంత పనిచేస్తుందో కళ్లారా చూశాను. తాగుడు వేళ ఆ ఆరే. గ్రూపు ఖర్చులకు సభ్యులే తలా కొంత వేసుకుంటారు, బయటివాళ్ల విరాళం తీసుకోరు. ఒక పేషెంటు మామగారు కృతజ్ఞతతో కవరు ఇవ్వబోతే ఆటో ఆయన రెండు చేతులూ జోడించి తిరిగి ఇచ్చేశారు.

ఇదంతా నమ్మకం మీద నడిచేదని కొట్టేసేవాళ్లు 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష చూడాలి. 27 అధ్యయనాలు, పదివేలమందికి పైగా మనుషులు. ఏడాది పొడవునా తాగకుండా నిలబడే విషయంలో, ఏఏ దారి పట్టించే పద్ధతి ప్రకారం జరిగే చికిత్స మిగతా పేరున్న చికిత్సల కన్నా మెరుగ్గా ఉందని తేలింది. అలాగని మాత్రలు అక్కర్లేదనడం తప్పు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ కొందరికి బాగా పనిచేస్తాయి. డిప్రెషన్‌కు వాడే మాత్రలు కూడా మత్తేనని, ఆపేయమని కొత్తవాళ్లకు చెప్పే సభ్యులు అక్కడక్కడ కనిపిస్తారు. వాళ్లతో నేను గట్టిగానే మాట్లాడతాను. సభ్యులు డాక్టర్ల పాత్ర వేయకూడదని ఏఏ సొంత ప్రచురణలే చెబుతున్నాయి.

భార్యలకు, తల్లులకు వేరే మీటింగు ఉంది. బిల్ భార్య లోయిస్ 1951లో తోటి స్త్రీలతో కలిసి మొదలుపెట్టిన ఆల్-అనాన్. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కలిసి వెళ్లారు కాబట్టే 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఇంట్లో తాగే మనిషితో మాత్రం ఒక్కో ఆడమనిషి ఒంటరిగానే పోరాడుతోంది. కూరలో మాత్ర కలిపిన ఆమె ఇప్పుడు ఆ మీటింగుకు వెళ్తోంది. భర్త డ్యూటీ ఎగ్గొడితే సూపర్‌వైజరుకు ఆమె ఫోన్ చేయడం లేదు.

మళ్లీ తాగడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. తిరిగి వచ్చినవాళ్లలో ఎవరు నిలబడతారో ముందే చెప్పలేను. అయితే నేను అడగకముందే, "మంగళవారం తాగిన సిస్టర్, హాఫ్" అని ఎవరైనా చెబితే ఆ కేస్ షీటు మీద నాకు ఆశ పుడుతుంది.

తాగుడుకు బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని 2019లో కేంద్రప్రభుత్వం ప్రచురించిన సర్వే చెప్పింది. మా గేటు దాకా వచ్చింది ఆ ఒక్కరు. అందుకే డిశ్చార్జి రోజున మందుల చీటీతోపాటు గ్రూపు నంబరు, మీటింగు చోటు, 14446 హెల్ప్‌లైన్ రాసిస్తాను. భార్యకు ఆల్-అనాన్ వేళలు విడిగా ఇస్తాను. అతను బట్టలు మార్చుకుని వచ్చాక నర్సుల టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, స్పాన్సర్‌కు మొదటి ఫోన్ అక్కడి నుంచే చేయిస్తాను. ఈ సాయంత్రం ఆరింటికి ఎక్కడ కలుస్తారో ఇద్దరూ మాట్లాడుకున్నాకే కాగితాల మీద సంతకం పెడతాను.