డర్బన్ నుంచి వచ్చిన ఫొటో

డర్బన్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగాయన వాట్సాప్‌లో పాత రిజిస్టరు పేజీ ఫొటో పంపి, ఈ ఊరు మీ దొరవారిసత్రం దగ్గరిదేనా అని ఇంగ్లీషులో అడిగాడు. నాటాల్ చెరుకు తోటలకు వెళ్లిన కూలీల ఓడ జాబితా అది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా అట్లా పోయారు. మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీద గుర్తులు. ఈయన ముత్తాతకు ఎడమ మోకాలి మీద మచ్చ ఉందట. అదీ రాశారు, ఇంటిపేరు మాత్రం రాయలేదు! అది లేకుండా మనవైపు ఎవరినని వాకబు చేసేది?

అదే ఇంగ్లండులో అయితే వంశం వెతకడానికి 1538 నుంచే చర్చి రిజిస్టర్లున్నాయి, 1837 నుంచి సర్కారు జనన మరణ లెక్కలు. మద్రాసు రాజధానిలో పోయిన దొరల ఖనన వివరాలకూ నకళ్లు రాసి లండన్ పంపేవారు. మన కూలీకి ఆ భోగం ఎక్కడిది? భూమి ఉంటే సెటిల్‌మెంటు రికార్డుల్లో పేరు దొరికేదేమో. భూమే ఉంటే ఓడెందుకు ఎక్కుతాడు!

మనమూ తక్కువేం కాదులెండి. తద్దినానికి మూడు తరాల పేర్లు చాలు, నాలుగోది అడిగితే మా నాన్నే నీళ్లు నమిలాడు.

నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు ఇళ్లల్లో ‘మా తాతల్లో ఒకాయన ఓడెక్కి పోయాడంట’ అనే మాట విన్నవాళ్లుంటే కామెంట్లో చెప్పండి. ఆ డర్బన్ ఆయన సంక్రాంతికి వస్తానంటున్నాడు.