జిన్ లేని పిమ్స్

మా అక్క లండన్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. ఆ 20 గంటలూ తను ఒక పబ్‌లో చేస్తోంది. ఈ మే దాకా ఇంట్లో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నాన్నకి మాత్రం "కేఫ్" అని చెప్పింది.

మా బాబాయి తాగుడు వల్లే పోయాడు. అప్పట్నుంచి మా ఇంట్లో మందు అంటే టాబ్లెట్లే. ఇంకో అర్థం ఎవరూ పలకరు.

అక్కడ కాస్త ఎండ కాస్తే చాలు, అందరూ పిమ్స్ కప్ అడుగుతారట. వింబుల్డన్ టెన్నిస్ చూసేవాళ్ళ చేతుల్లో టీ రంగులో, పళ్ళ ముక్కలు తేలుతూ ఉండేది అదే. 19వ శతాబ్దంలో జేమ్స్ పిమ్ అనే ఆయన లండన్‌లో ఆయిస్టర్లు అమ్ముతూ, అవి అరగడానికని జిన్‌లో మూలికలు కలిపి ఇచ్చేవాడట. అంటే ఆయన మందుకి మన రెండర్థాలూ సరిపోతాయి! జిన్‌తో చేసింది నంబర్ 1. తర్వాత విస్కీతో 2, బ్రాందీతో 3, అలా 6 దాకా వెర్షన్లు వచ్చాయి. కానీ జనం వదలనిది మొదటిదాన్నే.

చెయ్యడం తేలిక. పెద్ద గ్లాసు నిండా ఐసు, 50 మి.లీ. పిమ్స్, 150 మి.లీ. లెమనేడ్. ఇంగ్లండ్‌లో లెమనేడ్ అంటే మన నిమ్మరసం కాదు, స్ప్రైట్ లాంటిది. కీరా, కమలా, స్ట్రాబెర్రీ ముక్కలు వేసి, పుదీనాని అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి పైన పెట్టాలి. నలిపితే చేదెక్కుతుంది. గ్యాస్ పోకుండా ఒక్కసారే కలపాలి.

పిమ్స్‌లో ఆల్కహాల్ బాగానే ఉంటుంది. ఇలా కలిపాక కూడా మామూలు బీరుకేం తీసిపోదు. "తాగితే జ్యూస్‌లా ఉంటుందిరా. అందుకే మూడో గ్లాసు అడిగినవాళ్ళ మొహం ఒకసారి చూస్తా," అంది అక్క. ఆ మాట నవ్వుతూ చెప్పలేదు.

నాన్నకి తనే చెప్పాలనుకుంది. "ముందు జిన్ లేకుండా ఒక గ్లాసు చేసివ్వు, తర్వాత నేను మాట్లాడతా," అంది. చిక్కటి బ్లాక్ టీలో కమలా తొక్క, అల్లం వేసి చల్లార్చాను. ఒకటికి మూడు వంతులు స్ప్రైట్. మేలో విజయవాడలో స్ట్రాబెర్రీ ఎక్కడ దొరుకుతుంది? దానిమ్మ గింజలు వేశాను. అసలుదాని రుచి నాకూ తెలీదు, ఇక్కడ 21 నిండాలి కదా.

నాన్న సగం తాగి, "షర్బత్తు బాగుందిరా, ఎవరు నేర్పారు?" అన్నారు. నేను వీడియో కాల్ కలిపి ఫోన్ ఇచ్చాను.

అక్క అంతా చెప్పింది. బాబాయి పేరు కూడా తనే ఎత్తింది. నాన్న చాలాసేపు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

"రాత్రి ఎన్నింటికి బయటికొస్తావు?"

"పదకొండున్నరకి."

"ఒక్కదానివేనా?"

"ఇద్దరం అమ్మాయిలం నాన్నా. ఒకటే బస్సు."

ఫోన్ నా చేతికిచ్చి లేచారు. గ్లాసులో మిగిలింది తాగలేదు. మానెయ్యమనీ అనలేదు, సరే అనీ అనలేదు. ఇప్పుడు అక్కతో మాట్లాడినప్పుడల్లా ముందు ఒకటే అడుగుతున్నారు: "అక్కడ ఎండగా ఉందా?"