తలుపు చాటు సూర్యుడు

1980 ఫిబ్రవరి 16న మా నాయనమ్మ నన్ను గదిలోకి తోసి గొళ్ళెం వేసేసింది. నేనేదో నేరం చేశాననుకునేరు! ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. మాది నల్లగొండ జిల్లా. ఆ వింత చూడ్డానికి శాస్త్రజ్ఞులు ఎక్కడెక్కణ్ణుంచో రంగాపూర్ వేధశాలకి వస్తే, నాకు మాత్రం తలుపు సందులో చీకటి తప్ప మరేమీ కనబడలేదు. "కండ్లు పోతయ్ రా కొడుకా!" అని ఆవిడ ఒకటే పాట.

నేను పోగొట్టుకున్నదాని పేరు కరోనా. (మూతికి గుడ్డ కట్టుకోకండి. సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని వెలుగుకి, రోగానికంటే చాలాముందే ఆ పేరుంది.) సూర్యబింబం వెలుగులో దానిది పది లక్షల్లో ఒక వంతు. గ్రహణం పడితేగాని మామూలు కంటికి ఆనదు. అందుకని నాయనమ్మ మీద నా కినుక ఆవిడ పోయాక కూడా పోలేదు.

కిందటేడు హిందూపురంలో పెళ్ళికెళ్ళి, పక్కనే కర్ణాటకలో ఉన్న గౌరీబిదనూరు దాకా వెళ్ళాను. అక్కడ భారత ఖగోళ భౌతిక సంస్థ వారి రేడియో వేధశాల ఉంది. పెద్ద దుర్భిణీ చూస్తాననుకుంటే, ఒకప్పుడు మన డాబాల మీద ఉండే టీవీ యాంటెన్నాల్లాంటివి బారులు తీరి నుంచున్నాయి! 1997 నుంచి అవి సూర్యుణ్ణి వింటున్నాయట.

"వినడమేమిటండీ?" అన్నాను. వెంట వచ్చిన ఫిజిక్సు మాస్టారు ఓపిగ్గా చెప్పారు. 1942లో బ్రిటిష్ రాడార్లలో రొద పుడితే జర్మన్ల పన్నాగమనుకున్నారట. హే అనే శాస్త్రజ్ఞుడు ఆరా తీస్తే, అది సూర్యుడున్న దిక్కునుంచే వస్తోంది! సూర్యుడి మీద పేలుడు జరిగితే ఎలక్ట్రాన్లు కరోనాలోంచి పైకి దూసుకుపోతూ రేడియో తరంగాలు పుట్టిస్తాయి. పైకి పోయినకొద్దీ కరోనా పలచబడి, స్వరం మంద్రానికి దిగుతుంది. స్వరాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. అక్కడి అయస్కాంత క్షేత్రం ఆ తరంగాల్ని కుడికి తిరిగేవి, ఎడమకి తిరిగేవి అని విడదీస్తుంది. ఒకటి రెండోదాన్ని ఎంత మించిందో కొలిస్తే, ఆ ఎత్తులో అయస్కాంత బలం ఎంతో అంచనా కట్టొచ్చు.

"ఈ లెక్క మనకెందుకండీ?"

"1989 మార్చిలో సూర్యుడు విసిరిన మేఘం తగిలి, కెనడాలో క్యూబెక్ రాష్ట్రమంతా 9 గంటలు కరెంటు లేదు. ఆ మేఘాన్ని విసిరేది ఈ అయస్కాంత బలమే!"

కళ్ళకి అందనిదాన్ని చప్పుడుతో పట్టడమనేసరికి నాయనమ్మ గుర్తొచ్చింది. శుక్లాలతో చూపు పోయాక, బావి గిలక చప్పుడు విని చేద ఖాళీగా దిగుతోందో, నిండి వస్తోందో చెప్పేది. నా అడుగుల చప్పుడులోనే పరీక్ష తప్పిన సంగతి పట్టేసేది. గ్రహణం నాడూ తలుపుకి చెవి ఆనించి కూచుని, "ఏడ్పు ఆపిండు. కిటికీ ఎక్కుతున్నడు, చూడుండ్రి!" అని కేకేసింది.

ఇన్నేళ్ళూ ఆ కేక తల్చుకుని ఉడుక్కున్నాను. తలుపవతల ఆవిడ కూడా చీకట్లోనే కూచుందన్న సంగతి ఆ యాంటెన్నాల మధ్య నుంచునేదాకా తట్టలేదు.